ముకోలా వాగుకు వేసిన కంచె

రెండు వేల సంవత్సరం, ఫిబ్రవరి నెల, ఒక ఆదివారం మధ్యాహ్నం. సిడ్నీ పడమటి శివారు టూంగాబీలో లూర్దు ఇల్లు. కంప్యూటర్ ముందు లూర్దు, పక్క కుర్చీలో మూడు నెలల కిందట ఆఫ్రికా నుంచి వచ్చిన తండ్రి శౌరయ్య.

"ఇది వద్దమ్మా. దీని ముందుది పెట్టు."

"దీని ముందుది పడవ నాన్నా. పడవ ఫోటోలు ఇప్పటికే మూడున్నాయి. జనం వచ్చేది చెరువుల గురించి వినడానికి."

"పడవలే బాగుంటాయి. నీళ్ళు కనపడతాయి, ఆకాశం కనపడుతుంది. చూసేవాళ్ళకి హాయి."

"సరే, కింద ఏం రాయను? ఒక్క లైను చాలు."

"ముకోలా మిషన్ పడవ అని రాయి. వెన్నెల లేని రోజుల్లో పెట్రోమాక్స్ లైటు కట్టుకుని సరస్సులోకి వెళ్ళేవాళ్ళం. వెలుతురుకి వేలెడంత చేపలు గుంపులుగా పైకొచ్చేవి. వల వేస్తే..."

"అంత పట్టదు. 'ఫిషింగ్ బై లాంప్' అని పెడతా. రెండు పడవలు ఉండాలి కదా, ఏమయ్యాయి?"

"ఒకదాని ఇంజను దొంగలు ఎత్తుకుపోయారు. రెండోది గాలికి రాళ్ళ మీద కొట్టుకుంది. మా మిషన్ పెద్ద ఫాదర్ ఇన్నయ్యగారు ఆ రోజు ఒడ్డున కూర్చుని లేవలేదు. బళ్ళో పిల్లల తిండి, ఆస్పత్రి మందులు, అన్నీ ఆ చేపల మీదే నడుస్తున్నాయి. పక్కన మొక్కజొన్న చేను ఉంది గానీ అది కోతులకే చాలేది కాదు. 'శౌరయ్యా, కొల్లేటివాడివి, చెరువులు తవ్వలేవా' అన్నారు. తవ్వాను."

"ఈ మాట స్టేజి మీద ఇలాగే చెప్పు. కొల్లేటివాడివి, చెరువులు తవ్వలేవా. తవ్వాను. క్లాప్స్ పడతాయి."

"లూర్దూ, ఇవాళ నేను రాకపోతే ఏమవుతుంది?"

"మళ్ళీ మొదలెట్టావా? మూడింటికి ప్రోగ్రాం. నూట యాభై మంది వస్తున్నారు. మన తెలుగు క్లబ్ ప్రెసిడెంటు ఉమామహేశ్వరరావు అంకుల్ నెల రోజుల నుంచి ఇదే పని మీద ఉన్నాడు. పోయినేడాదంతా మావాళ్ళు బ్యాంకుల్లో తేదీలు సరిచేసి సంపాదించారు కదా, దాంట్లోంచి ఒక మంచి పనికి ఇద్దామని. అంతా వై టూ కే పుణ్యం."

"ఆ బగ్గు రాలేదుగా చివరికి."

"రాకుండా చూశాం కాబట్టి రాలేదు."

"ముందే చూశారు. మంచి పని. మా దగ్గర ముందే చూసేవాళ్ళు లేకపోయారు."

"ఏంటి నాన్నా, అలా అంటావు? ఒంట్లో బాగాలేదా?"

"ఎండ."

"నలభై డిగ్రీల్లో చెరువులు తవ్వినవాడివి, టూంగాబీ ఎండ నిన్నేం చేస్తుంది? ఇదిగో, చెరువు ఫోటో వచ్చింది. ఆహా. నాలుగు చెరువులు, గట్టు మీద అరటిచెట్లు, పైన కోళ్ళ గూళ్ళు. కోళ్ళ పెంట నీళ్ళలోకి, నీళ్ళు అరటికి. ఇది మన కైకలూరు పద్ధతే కదా?"

"అదే. తిలాపియా బాగా వచ్చింది. వారానికి రెండుసార్లు ఐసు పెట్టెల్లో పట్నం వెళ్ళేది."

"ఈ వెనకాల కనిపించేది ఏంటి? ముళ్ళకంచెనా?"

"ఈ ఫోటో తీసెయ్."

"ఎందుకు? ఇదే బెస్ట్ ఫోటో."

"తీసెయ్ అన్నానుగా. తర్వాతది పెట్టు."

"ఆగు, ఫోన్. హలో అంకుల్... ఆ, ఇక్కడే ఉన్నారు. రెడీ అవుతున్నారు... పిల్లలు నవ్వుతున్న ఫోటోనా? వెతుకుతా... చెరువుల పుస్తకాలు ప్రింటయి వచ్చాయా? అక్కడ చెరువులు తవ్వబోయే పన్నెండు ఊళ్ళకీ తలా ఒక సెట్టు, సరే... ఆ, పెట్టెలు హాల్లోనే పెట్టండి... అలాగే అంకుల్, రెండున్నరకి వచ్చేస్తాం. నాన్నా, అంకుల్ నీకు నమస్కారం చెప్పమన్నాడు. ఇవాళే సామాను కూడా చూపిస్తాడట. ఊరికో పంపు, వల, ఆరు చుట్టల ముళ్ళతీగ, పుస్తకం. వచ్చే వారం ఓడ మీద వెళ్ళిపోతాయి."

"ముళ్ళతీగ."

"కంచెకి. నీ పుస్తకంలోనే ఉందిగా."

"నా పుస్తకం కాదది. నా దగ్గర ఉన్న నోట్సు చూసి ఇన్నయ్యగారు రాసింది. ఆయన బదిలీ మీద వెళ్ళిపోయారు. పుస్తకం మిగిలింది. పన్నెండు ఊళ్ళ సంగతి నాకు పోయిన ఆదివారం దాకా ఎవరూ చెప్పలేదు. ఏదో ఫోటోలు చూపించి భోజనం పెడతారనుకున్నాను."

"సర్‌ప్రైజ్ అని దాచాం. నువ్వు సంతోషిస్తావనుకున్నా."

"ఆ రోజే ఉమామహేశ్వరరావుగారికి చెప్పాను, అక్కడి మట్టి పనికిరాదు, నీళ్ళు నిలవవు అని. నవ్వి భుజం తట్టాడు. 'మీ వినయం మీరు పోనిచ్చుకోరు' అన్నాడు."

"మట్టి పనికిరాకపోతే నీ చెరువులు ఎలా నిలిచాయి?"

"అదే ఆయనా అడిగాడు."

"నాన్నా, నీకు ఈ పని ఇష్టం లేదా? సూటిగా చెప్పు."

"తర్వాత ఫోటో పెట్టమన్నాను కదా."

"పెట్టా. ఇదిగో, నవ్వుతున్న పిల్ల. అంకుల్‌కి కావాల్సింది ఇదే. తల మీద చేపల బుట్ట, చిగుళ్ళు కనపడేలా నవ్వు. పేరేంటి?"

"నీమా. చెరువు దగ్గర పనిచేసే బిబియానా కూతురు. అప్పుడు పదమూడేళ్ళు. నన్ను తాతా అనేది. ఆ మాట నేనే నేర్పాను."

"నన్ను చూసి మనవరాలు ఎక్కడని నస పెట్టకుండా అక్కడే ఒకర్ని చూసుకున్నావన్నమాట. ఇంకోటి ఉంది, ఇదీ ఈ పిల్లే కదా? కానీ చేతుల్లో కర్రలేంటి? కాళ్ళు చూడు, కత్తెరలాగా ఒకదాని మీద ఒకటి పడుతున్నాయి. మడమలు నేలకి ఆనట్లేదు."

"పోలియో."

"పదమూడేళ్ళ పిల్లకి పోలియోనా?"

"పోలియో అనే అన్నారు అందరూ."

"ఫోటోల వెనక తేదీలు నువ్వే రాశావు. రెండింటికీ మధ్య పది నెలలు. ఏమైంది నాన్నా?"

"ఒక పొద్దున లేచింది. నీళ్ళకి వెళ్దామని నిలబడబోతే కాళ్ళు బిగుసుకుపోయాయి. జ్వరం లేదు, దెబ్బ లేదు. ముందురోజు బంతాట ఆడిన పిల్ల."

"తగ్గిందా?"

"అది తగ్గేది కాదమ్మా. పెరగదు, తగ్గదు. అలాగే ఉండిపోతుంది."

"ఈ ఒక్క పిల్లకేనా?"

"కాఫీ పెడతావా?"

"నాన్నా. ఈ ఒక్క పిల్లకేనా?"

"పదకొండు మందికి. వానల్లేని ఒక్క కాలంలో. ఎనిమిది మంది పిల్లలు, ముగ్గురు ఆడవాళ్ళు. ఆ ముగ్గురిలో ఒకామె చంటిపిల్ల తల్లి. ఇప్పుడు దేకుతూ వంట చేస్తుంది."

"ఇదంతా నాకు ఎప్పుడూ రాయలేదే. నెలకో ఉత్తరం రాసేవాడివి. చేపలు, కోళ్ళు, కోతులు. దీని గురించి ఒక్క ముక్క లేదు."

"నువ్వు పది నిమిషాల్లో జవాబు రాసి పడేసేదానివి. ఇవన్నీ రాసి నీ బుర్ర పాడుచేయడం ఎందుకు?"

"అప్పుడు ఇక్కడ యూనివర్సిటీ, సాయంత్రం జోజమ్మ పిన్ని పనిచేసే ఆస్పత్రిలో క్లీనింగ్ షిఫ్టు, మధ్యలో బయాలజీ వదిలేసి కంప్యూటర్లకి మారడం. ఆ ఏడాది ఎవరికి ఏం రాశానో నాకే గుర్తులేదు. అది సరేగానీ, ఇది చెప్పు. ఈ కాళ్ళకీ ఆ చెరువులకీ ఏమన్నా సంబంధం ఉందా?"

"ఎందుకలా అడుగుతున్నావు?"

"కంచె అనగానే ఫోటో తీసెయ్యమన్నావు. ముళ్ళతీగ అనగానే నీ ముఖం మారింది. ఇదిగో, పుస్తకం నా బ్యాగులో ఒక కాపీ ఉంది. చూడనీ. చెరువు లోతు, కోళ్ళ గూళ్ళు, మేత... ఏడో పేజీ. 'చెరువులోకి వచ్చే వాగుకు ఎగువన మూడు వందల గజాలు కంచె వేయాలి. అక్కడ ఎవరినీ కర్రపెండలం నానబెట్టనివ్వకూడదు.' దీనికి అర్థం ఏంటి?"

"చదివావుగా."

"చదివితే అర్థం కాలేదు. కర్రపెండలానికీ చేపకీ ఏంటి గొడవ?"

"వాళ్ళకి మన అన్నం లాంటిదది. చేదు రకం వేస్తారు, పందులూ కోతులూ ముట్టవని. ఆ దుంపలో విషం ఉంటుంది. తొక్క తీసి వాగులో, పారే నీళ్ళలో, నాలుగు రాత్రులు నానేస్తారు. విషం నీళ్ళలోకి దిగిపోతుంది. అప్పుడు ఎండబెట్టి దంచి, పిండి చేసుకుని వండుకుంటారు. తాతల నాటి పద్ధతి. ఎవరికీ ఏ హానీ లేదు."

"ఆ నీళ్ళు నీ చెరువులోకి వచ్చాయి."

"మొదటి ఏడాది పొద్దున్నే వెళితే చేపలన్నీ తెల్లగా తేలి ఉన్నాయి. నాలుగు చెరువులూ. రెండోసారి చేపపిల్ల వేస్తే మళ్ళీ అంతే. కొల్లేట్లో నాకు తెలిసిన జబ్బు ఒక్కటీ కాదది. సున్నం చల్లాను, నీళ్ళు మార్చాను. ఇన్నయ్యగారు బడి మూసేస్తానన్నారు. తర్వాత కారణం తెలిసింది. కంచె వేశాను. చేపలు బతికాయి."

"మరి ఆ ఆడవాళ్ళు?"

"ఇంకో వాగు కొండ అవతల ఉంది. రెండు గంటల నడక. తడి దుంపలు మోసుకుని ఎవరు వెళ్తారు? ఇళ్ళల్లో కుండల్లో నానేసుకున్నారు. నీళ్ళు మోసుకొచ్చి పోయాలి కదా, ఒక్క రాత్రితో సరిపెట్టారు."

"ఒక్క రాత్రి."

"నాలుగు రాత్రుల పని ఒక్క రాత్రిలో. వానల్లేక పప్పూ కూరా కూడా లేవు. విషం మిగిలిన ఆ పిండే మూడు పూటలా."

"ఓ మై గాడ్."

"దేవుడి పేరు తీయకు. ఆయన కంచె వేయలేదు."

"ఇది నీకు ఎప్పుడు తెలిసింది?"

"కాళ్ళు పడిపోయిన ఏడాదికి. పట్నం నుంచి ఒక డాక్టరమ్మ వచ్చింది. ఆమెకి ఆ ఊరి భాష రాదు, నన్ను తోడు తీసుకుంది. ఇల్లిల్లూ తిరిగి ఒకటే అడిగింది, ఎన్ని రాత్రులు నానబెడుతున్నారని. ఒక్క రాత్రి అన్నారు. ఎందుకు తగ్గించారంది. వాగుకి కంచె వేశారు అన్నారు. ఎవరు వేశారు అని అడగమంది నన్ను. అడిగాను."

"నువ్వే అడిగావా?"

"తర్జుమా చేసేది నేనేగా. బిబియానా గుమ్మంలో నిలబడి, కంచె వేసిందెవరమ్మా అని వాళ్ళ భాషలో అడిగాను. ఆమె నా వైపు చూడలేదు. మర్యాదకి. నేల చూస్తూ, 'మిషన్ వాళ్ళు' అంది. నీమా లోపల చాప మీద ఉంది. 'తాతా, లోపలికి రా' అంది."

"నీళ్ళు తాగు నాన్నా. ఇదిగో."

"చేప తిని ఉంటే కొంత మేలు జరిగేదట. డాక్టరమ్మ చెప్పింది. ముకోలాలో చేపలు ఎవరు తిన్నారు? అన్నీ పట్నానికే పోయాయి."

"తర్వాత కంచె తీసేశావా?"

"ఆ సాయంత్రమే. నేనే, చేతుల్తో. చేపలు మళ్ళీ చచ్చాయి. చావనీ అనుకున్నాను. ఆ తర్వాత ఒక్కరి కాళ్ళు కూడా పోలేదు. వాగులోంచి కాకుండా ఊట నుంచి చెరువుకి వేరే కాలవ తవ్వాను, అరకిలోమీటరు. రెండేళ్ళు పట్టింది. ఆ పని ముందే చేసుంటే..."

"ఆ కాలవ ఈ పుస్తకంలో లేదు."

"పుస్తకం అంతకు ముందే రాశారు."

"అంటే ఇప్పుడు పన్నెండు ఊళ్ళకి ముళ్ళతీగ, ఏడో పేజీ రెండూ వెళ్తున్నాయి. నాన్నా, ఇంత తెలిసి వారం నుంచి మట్టి బాగాలేదని చెప్తూ కూర్చున్నావా?"

"ఆ మాటతో ఆగిపోతుందేమో అనుకున్నాను."

"అంకుల్‌కి ఫోన్ చేసి ఏడో పేజీ చింపెయ్యమంటా. అంతే కదా?"

"చింపితే చాలదమ్మా. కాలవ లేకుండా చెరువు తవ్వితే చేపలు చస్తాయి. చచ్చిన రోజు వాళ్ళే కంచె వేస్తారు, నేను వేసినట్టే. ఎందుకు వేయకూడదో తెలిసినవాడు ఒక్కడు చెబితేనే ఆగుతుంది."

"అయితే ఆ ఒక్కడివి నువ్వే. ఇవాళే చెప్పాలి. ఓడ వెళ్ళాక చెప్పి లాభం లేదు."

"చెబుతాను."

"నిజంగా?"

"చెబుతాను. కానీ నువ్వు రావద్దు. మీ పిన్నితో వెళ్తాను. నువ్వు ఇంట్లో ఉండు."

"నేనెందుకు రాకూడదు? సిగ్గుపడతాననా? నాన్నా, పదకొండు మంది కాళ్ళు పోయాయి, దానికి కోపం వస్తుంది, ఏడుపొస్తుంది. కానీ నువ్వు లేచి ఒప్పుకుంటే నేను మొదటి వరసలో కూర్చుంటా."

"మొదటి వరస వద్దనే చెప్తున్నా. వాళ్ళు ఏదన్నా అడుగుతారు. నువ్వు ఎదురుగా ఉంటే నేను చెప్పలేను."

"ఏం అడుగుతారు?"

"ఏదో ఒకటి."

"నాన్నా, ఒక్క నిమిషం. ఇందాక 'తర్వాత కారణం తెలిసింది' అన్నావు. కొల్లేట్లో కర్రపెండలం నానబెట్టరు. నీకు తెలిసిన జబ్బు కాదన్నావు. మరి దుంప నీళ్ళకి చేపలు చస్తాయని ఎలా తెలిసింది?"

"పుస్తకంలో చూశాను."

"ముకోలాలో ఏం పుస్తకం? మీ మిషన్‌లో బైబిలూ పాటల పుస్తకమూ తప్ప ఏమీ లేవని నువ్వే రాశావు."

"ఎవరో చెప్పారు."

"ఎవరు? ఇన్నయ్యగారా?"

"ఆయన్ని లాగకు. చెరువు నాది, కంచె నాది. గుంజలు పాతింది నేను. ఎవరు చెబితే ఏం?"

"ఏమంటే, చెప్పినవాడు ఇంకో చోట ఇదే చెబుతుంటాడు. వాడికీ తెలియాలి కదా. ఎవడో ఆఫీసులో కూర్చుని, ఊరు చూడకుండా, అక్కడి మనుషులు ఏం తింటారో అడక్కుండా కంచె వెయ్యమని చెప్పేస్తాడు. అలాంటివాణ్ణి నువ్వు కాపాడుతున్నావు."

"చెప్పినవాళ్ళకి నేను అన్నీ చెప్పలేదమ్మా. చేపలు చస్తున్నాయనే అడిగాను. అడిగినదానికి సరిగ్గానే చెప్పారు. మనుషుల సంగతి నేను అడగలేదు."

"సరే, దాని సంగతి తర్వాత. డాక్టరమ్మ రిపోర్టు ఏదన్నా ఇచ్చిందా? ఊరికే చెబితే అంకుల్ మళ్ళీ భుజం తడతాడు. కాయితం చూపిస్తే నోరు మూస్తాడు."

"ఉంది. గుడ్డ సంచిలో. నేను తీసిస్తా, నువ్వు ముట్టుకోకు."

"మోకాళ్ళ నొప్పితో నువ్వు లేవడమెందుకు, పక్కనే ఉందిగా. ఇదేనా?"

"లూర్దూ, ఆ సంచి ఇటివ్వు."

"తీశానుగా. ఇదిగో రిపోర్టు. స్టాంపు కూడా ఉంది. దీన్ని స్కాన్ చేసి ఆఖరి స్లైడుగా పెడతా. దీనికి పిన్ను కొట్టి ఇంకో కాయితం ఉందేంటి?"

"అది దానిది కాదు. ఇచ్చెయ్."

"పాత ఫాక్సు. అక్షరాలు వెలిసిపోయాయి. మీద పెన్నుతో దిద్దావా? ప్రతి అక్షరం దిద్దావే. తెలుగులో ఉంది."

"వెలిసిపోతుంటే దిద్దుకున్నాను. అప్పట్లో అది నాకు అపురూపం. లూర్దూ, నా మాట విను. చదవకు."

"'పొద్దున్నే చేపలు తేలుతున్నాయని రాశావు. మా లెక్చరర్‌ని అడిగాను. పైన ఆడవాళ్ళు నానబెడుతున్న దుంపల్లోంచి సైనైడ్ దిగుతుంది. చేపలకి కొంచెం చాలు. నీ తప్పేం లేదు. ఎగువన కంచె వేయించు, ఎవరినీ నానబెట్టనివ్వకు. అంతే, సింపుల్. రేపు పరీక్ష, తొందర్లో రాస్తున్నా. చేపలు బతికితే చెప్పు. నీ...'"

"అందుకే వద్దన్నాను."

"'నీ లూర్దు.'"

"నీకు పంతొమ్మిదేళ్ళమ్మా అప్పుడు. నేను నలభై ఏళ్ళు నీళ్ళలో బతికినవాణ్ణి. నువ్వు చేపల గురించి చెప్పావు, మనుషుల గురించి ఆలోచించాల్సింది నేను. ఇవాళ అంతా నా పేరు మీదే చెప్పేస్తాను, అక్కడితో అయిపోతుంది. ఆ కాయితం ఇటివ్వు, చింపేస్తాను."

"నీమా ఇప్పుడెలా ఉంది?"

"కుట్టుమిషను నేర్చుకుంటోంది. చేత్తో తిప్పేది. ఫోన్ మోగుతోంది, తీయకు. ముందు ముఖం కడుక్కో."

"హలో అంకుల్... ఆ, బయల్దేరుతున్నాం. ఆ పుస్తకాల పెట్టెలు తెరవకండి... చెప్తా, వచ్చి చెప్తా. ఇంకొకటి. మైకు దగ్గర నాన్న పక్కన ఇంకో కుర్చీ వేయించండి. ముందు మాట్లాడేది నేను. ఆ కంచె వెయ్యమని రాసింది నేనే."